పిల్లల ప్రాజెక్ట్ ఫోటోలకు కెనాన్ సెల్ఫీ సీపీ1500 ప్రింటర్

మాది చీమకుర్తి పక్కన హైస్కూలు. సోషల్ చెప్తాను. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్ట్ అనగానే నెట్‌లో దొరికిన బొమ్మ చార్టుకు అతికించి తెచ్చే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. అందుకే ఊళ్లో గ్రానైట్ పని మీద పిల్లలనే ఫోటో తియ్యమంటాను. క్వారీ లోపలికి మాత్రం వెళ్లకూడదు. ఒక్కొక్కరు ఒక్క ఫోటో, దాని వెనక నాలుగు మాటలు: ఏం చూపించాలనుకున్నావు, అక్కడే నిలబడి ఎందుకు తీశావు, ఫ్రేములో పడకుండా దేన్ని వదిలేశావు. ఆ ఫోటోలు ప్రింట్ తీసేది ఈ చిన్న మిషన్ మీదే.

నాకు బాగా నచ్చింది నలుపు. మన నల్ల గ్రానైట్, అదే గెలాక్సీ రాయిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. మామూలు కాగితం మీద ప్రింట్ ఇస్తే రాయంతా నల్లటి మచ్చలా వస్తుంది. దీంట్లో ఆ చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. పసుపు, మెజెంటా, సయాన్ ఒకదాని మీద ఒకటి దింపి, చివర పైపూత వేస్తుంది కాబట్టి చెమట చేతులతో పట్టుకున్నా రంగు అంటదు. పోస్ట్‌కార్డు సైజు ఫోటోకు దాదాపు 41 సెకన్లు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి పాలిష్ పలక ఫోటో తెచ్చింది. పలక అంచున ఒక చెయ్యి, గోళ్ల నిండా రాతిపొడి. చెయ్యెందుకమ్మా అని అడిగాను. "మా నాయనది మేడం. అది లేకపోతే పలక ఎంత మందమో ఎట్టా తెలుస్తది?" అంది. నేను మార్కులు వేసేది ఇలాంటి జవాబుకే, ఫోన్ ఖరీదు చూడను. అట్టతో ఎల్ ఆకారం ముక్కలు రెండు కత్తిరించి ఇస్తే, ప్రింటు మీద జరుపుకుంటూ ఫ్రేము బిగించి, వదులు చేసి చూసుకుంటారు. వాటితో ఆ చెయ్యి కప్పేసరికి పలక పెద్దదో చిన్నదో క్లాసులో ఎవరూ చెప్పలేకపోయారు. చేతిలో కాగితం ఉంటేనే ఇంత చర్చ నడుస్తుంది.

ఒకటి చూసుకోండి. ఫోన్ ఫోటో పొడవు వెడల్పుల నిష్పత్తి సాధారణంగా 4:3, ఈ కాగితానిది దాదాపు 3:2. అంచు లేకుండా ప్రింట్ ఇస్తే ఫోటో పక్కల్లో కొంత తెగిపోతుంది. పిల్ల కావాలని పెట్టుకున్నది అలా పోతే మార్కు ఎలా తగ్గిస్తాం? ప్రివ్యూ ఆ పిల్లకే చూపించి సరిచేయించండి.

చార్టు సైజు ఫోటోలు కావాలంటే ఇది పనికిరాదు. బ్యాటరీ విడిగా కొనాలి, కరెంటు పోయే బళ్లకు కొనక తప్పదు. ప్రింటర్‌లో వాడేసిన రంగు రిబ్బన్ మీద ప్రతి ఫోటో నెగెటివ్‌లా మిగిలే ఉంటుంది, ముఖాలతో సహా. చెత్తబుట్టలో వేసేముందు ముక్కలుగా కత్తిరించండి.