అట్ట స్పెక్ట్రోస్కోపు కిట్: పెట్టె మీద రాసినవి జరగవు, రాయనివి జరుగుతాయి

స్పెక్ట్రోస్కోపు అంటే వెలుగును రంగులుగా విడదీసి చూపే గొట్టం. సైన్స్ సామాన్ల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే అట్ట స్పెక్ట్రోస్కోపు కిట్లలో ఏది కొన్నా సరుకు దాదాపు ఒకటే. మడిచి అతికించే నల్ల అట్ట, మిల్లీమీటరుకు 500 గీతలతో వెలుగును విడదీసే గ్రేటింగ్ ఫిల్ము ముక్క, చీలిక కోసిన చిన్న అట్ట, అంకెలు అచ్చేసిన స్కేలు కాగితం. ఎక్కువ పెట్టెల మీద 'పాల కల్తీ, పసుపు కల్తీ, కెంపుల నాణ్యం ఇంట్లోనే చూసుకోండి' అన్న ధోరణిలో ఏదో ఒకటి ఉంటుంది. కోటి విద్యలూ కూటి కొరకే కదా, పనికొచ్చేదని చెప్పకపోతే తల్లిదండ్రులు కొనరని కాబోలు.

ఆ పనులేవీ దీనితో కావు. పాలలో కలిపే నీళ్లు, యూరియా, పిండి కంటికి కనిపించే వెలుగులో ఏ రంగునూ ప్రత్యేకంగా మింగవు. అలాంటప్పుడు గొట్టంలోంచి ఎంత చూసినా తేడా తెలియదు. పసుపులో కలిపే మెటానిల్ ఎల్లో అనే రంగు కూడా పసుపు మింగే నీలం వైపే మింగుతుంది, రెండూ ఒకేలా కనిపిస్తాయి. దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కే సరైన పరీక్ష: నీళ్లు కలిపినా గులాబీ రంగు పోకపోతే కల్తీ ఉన్నట్టు. కెంపుల సంగతి కొంచెం వేరు. రత్నాలు పరీక్షించేవాళ్లు చేతి స్పెక్ట్రోస్కోపు వాడే మాట నిజమే. ప్రతి మూలకానికీ వెలుగులో తనవైన గీతలుంటాయి, వాటి చోటును తరంగపు పొడవుతో, అంటే నానోమీటర్లలో చెబుతారు. కెంపులో ఎరుపు చివర 694 నానోమీటర్ల దగ్గర క్రోమియం గీతలు పడతాయి. కానీ ల్యాబులో పెంచిన కెంపులోనూ అవే గీతలు పడతాయి! పెట్టె మీది హామీకి పూర్తిగా సున్నా మార్కులు.

ఇక వస్తువుకు వేయాల్సిన మార్కులు. కూర్చడానికి అరగంట చాలు, కానీ మూడు చోట్ల తప్పుతుంది. గ్రేటింగ్ గీతలు చీలికకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా అతికిస్తే రంగులు పక్కకు విచ్చుకోకుండా పైకీ కిందికీ సాగి కలిసిపోతాయి. అతికించే ముందే లైటు వైపు పెట్టి తిప్పి చూడాలి. రెండోది అట్ట మడతల్లోంచి దూరే వెలుతురు. అది నేపథ్యాన్ని బూడిదరంగు చేసి సన్నగీతల్ని మింగేస్తుంది, కాబట్టి ప్రతి అంచుకూ నల్ల టేపు తప్పదు. మూడోది వేలిముద్ర. ఫిల్మును గుడ్డతో తుడిస్తే గీతలు చెడతాయి, గాలి ఊదడం తప్ప వేరే మార్గం లేదు. వర్ణపటంలో, అంటే విచ్చుకున్న రంగుల పట్టీలో, రంగుల వెంట అడ్డంగా నల్లచారలు కనిపిస్తే భయపడక్కర్లేదు, అవి చీలికలో ఇరుక్కున్న దుమ్మువి.

స్కేలు కాగితాన్ని మాత్రం నమ్మొద్దు. పాత సీఎఫ్ఎల్ బల్బు ఒకటి దొరికితే అదే కొలబద్ద: పాదరసం నీలిగీత 436, ఆకుపచ్చగీత 546 నానోమీటర్లు. ఈ రెండింటికీ స్కేలు సరిచేసుకుంటే మధ్యలో రెండు మూడు నానోమీటర్ల తేడాతో చదవొచ్చు. ఫోనుతో ఫోటో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గించి లాక్ చేయాలి, లేకపోతే గీతలన్నీ తెల్లబడిపోతాయి.

చూడాల్సినవి చాలానే ఉన్నాయి. ఎల్‌ఈడీ బల్బులో 450 దగ్గర నీలం ముద్ద, ఆ పక్కన ఓ లోయ, తర్వాత వెడల్పాటి ఆకుపచ్చ-ఎరుపు పట్టీ. గ్యాస్ పొయ్యి నీలిమంటలో 516 దగ్గర ఆకుపచ్చ పట్టీ, అది జంట కార్బన్ అణువులది. అదే మంటలో చిటికెడు ఉప్పు చల్లితే 589 దగ్గర సోడియం పసుపుగీత భగ్గుమంటుంది. తెల్లటి మబ్బు వైపు తిప్పితే ఎండ వర్ణపటంలో సన్నటి నల్లగీతలు: 486 దగ్గర హైడ్రోజన్, 517 దగ్గర మెగ్నీషియం, 589 దగ్గర మళ్లీ సోడియమే. సూర్యుడి వైపు నేరుగా ఎప్పుడూ తిప్పకూడదు. గ్రేటింగ్ వెలుగును విడదీస్తుందే గానీ కంటికి హాని కలగనంతగా తగ్గించదు.

ఇదంతా దేనికి పనికొస్తుంది? దీనికి జవాబుగా అందరూ హీలియం కథ చెబుతారు, పైగా అది మన గడ్డ మీది కథ. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణం నాడు ఖగోళ శాస్త్రవేత్తలు జాన్సెన్ గుంటూరులో, పాగ్సన్ మచిలీపట్నంలో సూర్యుడి అంచున లేచే జ్వాలల్ని స్పెక్ట్రోస్కోపుతో చూశారు. అక్కడి పసుపుగీత సోడియంది కాదని ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గమనించాడు. ఆ గీతను ఇచ్చే మూలకమే హీలియం, భూమ్మీద అది 1895లో గానీ రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కలేదు. ఇప్పుడు ఎంఆర్‌ఐ యంత్రపు అయస్కాంతాన్ని −269 డిగ్రీల దగ్గర ఉంచేది ద్రవ హీలియమే. 'చూశారా, చివరికి పనికొచ్చింది' అని కథ ముగిస్తారు.

ఆ వాదన బలహీనం. మరుసటి ఏడాది, 1869 గ్రహణంలో, అమెరికాలో చూసినవాళ్లకు సూర్యుడి చుట్టూ ఉండే కాంతివలయంలో, అంటే కరోనాలో, 530.3 దగ్గర ఆకుపచ్చగీత కనిపించింది. దానికీ కొత్త మూలకమని కరోనియం అని పేరు పెట్టారు. అలాంటి మూలకమే లేదని, అది 13 ఎలక్ట్రాన్లు ఊడిన ఇనుమని 1940 ప్రాంతంలో తేలింది. అంటే కరోనా వేడి లక్షల డిగ్రీలన్నమాట. ఆ సంగతితో ఏ ఆసుపత్రీ నడవదు, ఏ పొయ్యీ వెలగదు. అయినా హీలియం గీత కంటే ఈ గీత ఏమాత్రం తక్కువది కాదు. నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని 1835లో ఫ్రెంచి తత్వవేత్త కోమ్ట్ రాశాడు. పాతికేళ్లు తిరక్కుండానే జర్మన్ శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ మంటలు, గీతలతో ఆ దారి తెరిచారు. మబ్బు వైపు తిప్పిన అట్టగొట్టంలో 486 దగ్గరి నల్లగీత చూడటమంటే ఆ దారిలో నిలబడటమే. కల్తీ పాలు పట్టలేదన్న కోపంతో ఈ డబ్బాను మూలన పడేసేవాళ్లకు దక్కనిది అదే.

కిట్‌లో నిజంగా మార్చాల్సింది చీలిక. అట్టలో కోసినది దాదాపు 0.3 మిల్లీమీటర్లుంటుంది. 20 సెంటీమీటర్ల గొట్టంలో దానితో 3 నానోమీటర్ల కంటే దగ్గరి గీతలు విడివడవు. హీలియం గీత 587.6 దగ్గర, సోడియం జంటగీతలు 589.0, 589.6 దగ్గర. లాకియర్ ఏ తేడాను పట్టుకున్నాడో సరిగ్గా అక్కడే ఇది చేతులెత్తేస్తుంది. బ్లేడును రెండుగా విరిచి, రెండు అంచుల మధ్య జెరాక్స్ కాగితం ఒక్కటి నిలబెట్టి టేపు వేసి కాగితం లాగేస్తే 0.1 మిల్లీమీటరు చీలిక మిగులుతుంది, అప్పుడు తేడా ఒక నానోమీటరుకు దిగుతుంది. వెలుగు మాత్రం మూడో వంతే వస్తుంది, చీకటి గది కావాలి. డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో హీలియం గొట్టం, సోడియం దీపం పక్కపక్కన వెలిగించి ఈ బ్లేడు చీలికలోంచి చూస్తే, సోడియం గీతకు ఆకుపచ్చ వైపు వెంట్రుకంత ఎడంగా రెండో పసుపుగీత నిలబడి కనిపిస్తుంది.