డబ్బులిచ్చి ఒక పూట పని చేయించి చూశాకే ఉద్యోగం: చాలా ఏళ్ళు వాడాక నా రివ్యూ

మాది ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే చిన్న వ్యాపారం. పది నిమిషాలు మాట్లాడి, తెలిసినవాళ్ళెవరో "మనవాడే" అన్నారని తీసేసుకోవడం మా దగ్గర ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు వచ్చినవాళ్ళందరినీ అవే ప్రశ్నలు అదే వరసలో అడుగుతాం, నచ్చినవాళ్ళతో ఒక పూట అసలు పని చేయిస్తాం, ఆ పూటకి డబ్బులిచ్చి పంపిస్తాం. ఊరికే చేయించుకోవడం అన్యాయం, పైగా నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలని చూసే ఓనర్ని మంచి పనివాళ్ళు అక్కడికక్కడే పసిగట్టేస్తారు.

ఇదేం మా బుర్రలో పుట్టిన ఐడియా కాదు. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 85 ఏళ్ళ అధ్యయనాలు కలిపి చూస్తే, ఎవరు బాగా పని చేస్తారో ముందే చెప్పడంలో పని చేయించి చూడటం అన్నిటికంటే పైన నిలిచింది. 2022లో శాకెట్ అనే ఇంకో పరిశోధకుడి బృందం ఆ లెక్కల్ని సరిచూసి చాలా పద్ధతులకి మార్కులు తగ్గించింది, అందరికీ ఒకే ప్రశ్నలేసే ఇంటర్వ్యూని మొదటి స్థానంలో పెట్టింది. "ఇన్నేళ్ళ అనుభవం" అన్నది మాత్రం రెండిట్లోనూ బాగా కిందే ఉంది. మనమేమో ముందు అడిగేది అదే!

మా ట్రయల్‌లో సరుకు లెక్కపెట్టమంటాం. కాగితం మీద ఉన్నదానికీ అరలో ఉన్నదానికీ కావాలనే ఒక తేడా ఉంచుతాం. కనిపెట్టారా లేదా అన్నదానికంటే, కనిపెట్టాక ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. కొందరు గుట్టుగా అంకె దిద్దేస్తారు, కొందరు వచ్చి అడుగుతారు. అడిగినవాళ్ళనే తీసుకుంటాం.

లోపాలూ ఉన్నాయి. ఇప్పటికే ఎక్కడో పని చేస్తున్నవాళ్ళకి సెలవు దొరకదు, కాబట్టి సెలవురోజునో సాయంత్రమో పెట్టాలి. టెన్షన్ పడేవాళ్ళు మొదటి పూట తేలిపోతారు, అలాంటివాళ్ళని రెండోసారి పిలవడం మంచిది.

అసలు సంగతేంటంటే, మంచివాళ్ళు రావడానికి ఇది పనికొస్తుంది గానీ వాళ్ళు ఉండటానికి కాదు. మా దగ్గర మానేసినవాళ్ళలో జీతం తక్కువని వెళ్ళింది కొందరే. మిగతావాళ్ళని పంపించింది మా ఇంట్లోవాళ్ళే. నాన్న ఒకటి చెప్తారు, బాబాయ్ అది ఆపి ఇంకోటి చెయ్యమంటాడు, మధ్యలో ఎవరో ఇంటి పని పురమాయిస్తారు, సాయంత్రానికి ఏదీ అవలేదని ముగ్గురూ కలిసి ఆ మనిషినే అంటారు. ఇక మా బంధువుల అబ్బాయి తీరిగ్గా పదకొండింటికి వస్తుంటే, తొమ్మిదికి వచ్చినవాళ్ళకి ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఒక్కో మనిషికి పని చెప్పేది ఒక్కరే, మిగతావాళ్ళకి ఏం కావాలన్నా ఆ ఒక్కరికే చెప్పుకోవాలి. హాజరు పుస్తకంలో ఇంట్లోవాళ్ళూ సంతకం పెట్టాల్సిందే. జీతం తేదీ మారదు. ఈ మూడూ వచ్చాకే మానేసేవాళ్ళు బాగా తగ్గారు, ట్రయల్ పద్ధతి వల్ల కాదు. అందుకే దానికి నా మార్కులు అయిదుకి మూడున్నరే.

ఇంకా తెమలనిది ఒకటుంది. పైస్థానాలన్నీ ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే ఉంటే, బయటినుంచి వచ్చిన చురుకైన మనిషి ఎదిగేదెక్కడికి? ప్రస్తుతానికి సరుకు కొనుగోలు మొత్తం, ధర మాట్లాడటంతో సహా, అలాంటి ఒకావిడకి అప్పజెప్పాం. బాబాయ్‌కి ఇంకా ఇష్టం లేదు, బిల్లులన్నీ మళ్ళీ చూస్తుంటాడు.