ఆది జాకెట్టు చెప్పిన లెక్క: జిమ్ము, డైటు మీద రెండున్నరేళ్ల తర్వాత నా సమీక్ష

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా మిషను ముందు కూర్చునే పని. 2023 ఫిబ్రవరిలో, అరసవల్లి రథసప్తమి హడావిడి తగ్గిన వారానికి జిమ్‌లో చేరాను. అప్పటికి నాకు 41 ఏళ్లు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 78 కేజీలు. ఇప్పుడు 70. రెండున్నరేళ్లకి ఎనిమిది కేజీలే. చేరిన రోజు ఈ అంకె ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఫీజు కట్టేదాన్ని కాదు. ఇప్పుడైతే ఇంకో ఏడాదికి కూడా కడతాను.

నేను చేరింది ఒక పోస్టరు చూసి. 90 రోజుల్లో 18 కేజీలు తగ్గిన మనిషి ఫొటోలు రెండు పక్కపక్కన వేశారు. మూడు నెలల ప్యాకేజీకి 7,500 కట్టాను. ఆ ఫొటోలని నేను టైలరు కళ్లతో చూసి ఉండాల్సింది. మొదటి దాంట్లో మనిషి భుజాలు వంచి, పొట్ట వదిలేసి, చంకల దగ్గర బిగుసుకుపోయిన డ్రెస్సులో నిలబడి ఉంది. రెండో దాంట్లో కొలతకి కుట్టిన డ్రెస్సు, నిటారుగా నిలబడటం, పక్కనుంచి వెలుగు. అందులో సగం తేడా నేను రెండు గంటల్లో తెచ్చి చూపిస్తాను, 350 రూపాయలకి.

మొదటి నెలలో మూడున్నర కేజీలు తగ్గాను. ట్రైనరు చప్పట్లు కొట్టాడు. నేనూ మురిసిపోయి మా ఆయనకి ఫోన్ చేశాను. ఇంటికొచ్చి టేపు తీస్తే నడుము తగ్గింది అరంగుళం. మూడున్నర కేజీల మనిషి ఎటు పోయినట్టు? తర్వాత తెలిసింది, పోయింది ఎక్కువగా నీళ్లే. అన్నం ఒక్కసారి తగ్గించేస్తే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది. ఒక్కో గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీళ్లు దానితో పాటే పోతాయి. అందుకే ఒక పెళ్లి భోజనం చేసి మర్నాడు బరువు చూసే మిషను ఎక్కితే కేజీ పైన పెరిగి కనిపించాను. ఆ పొద్దున్న ఏడ్చాను కూడా. ఒక్క రాత్రిలో కేజీ కొవ్వు ఎవరికీ పట్టదని అప్పుడు తెలీదు.

తెలిశాక కాగితం మీద లెక్క వేశాను. కేజీ కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. రోజుకి 500 తగ్గించుకుంటూ పోతే వారానికి అరకేజీకి కాస్త తక్కువ. 90 రోజులకి ఆరు కేజీలు దాటదు. నేను తగ్గింది అయిదున్నర, అందులో నీళ్లు కూడా కలిసే ఉన్నాయి. 18 ఎక్కడ, ఆరు ఎక్కడ? పైగా ఒళ్లు తేలికయ్యేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది, కాబట్టి ఆ వేగం కూడా నిలవదు.

ఇక డైటు. నాకిచ్చిన చార్టులో ఓట్స్, బ్రకోలీ, ఆలివ్ నూనె ఉన్నాయి. నెలన్నర పాటు నాకు వేరే గిన్నె, ఇంట్లోవాళ్లకి వేరే గిన్నె. మా అత్త చూసి చూసి, "ఏటమ్మా, ఇలగ చిక్కిపోతన్నావు? ఒంట్లో బాగోనేదేటి?" అనేది. ఖర్చు సరే, రెండు వంటలు వండే ఓపిక ఎవరికుంటుంది? ఆ చార్టు చించేశాను. పొద్దున్న చోడంబలి (రాగి అంబలి), రెండు గుడ్లు. మధ్యాహ్నం అన్నం మూడు గరిటెల నుంచి ఒకటిన్నరకి తెచ్చి పప్పు, కూర, పెరుగు పెంచాను. సాయంత్రం షాపులోకి తెప్పించుకునే బజ్జీల బదులు ఉడికించిన ఉలవలో శనగలో. వారానికి రెండు సార్లు చేపలు. చోడంబలి తాగితే సన్నబడతారని మా వైపు అంటారు. అందులో మంత్రం ఏమీ లేదు. కడుపు నిండి పదకొండింటి దాకా ఏదీ తినబుద్ధి కాదు, అంతే. చెంబుడు తాగితే అదీ లెక్కలోకే వస్తుంది.

నాకు నిజంగా పనిచేసింది మాత్రం నూనె డబ్బా. నలుగురున్న ఇంట్లో నెలకి అయిదు లీటర్లు వాడేవాళ్లం. మూడుకి తెచ్చాను. గ్రాము నూనెకి 9 కేలరీలు. రెండు లీటర్లు మానేస్తే మనిషికి రోజుకి 130 పైనే తగ్గినట్టు, ఎవరి కంచంలోనూ ముద్ద తగ్గకుండా. ముప్పావు గంట గబగబా నడిస్తే నాకు ఖర్చయ్యేది 200 చుట్టుపక్కల. ఆ 200ని రెండు బజ్జీలు మింగేస్తాయి. వ్యాయామంతోనే బరువు తగ్గిపోతామనుకున్న నా నమ్మకం ఇక్కడే పోయింది. తగ్గించేది వంటిల్లు. జిమ్ము చేసే పని వేరు, దాని దగ్గరికి వస్తాను.

ఆరో నెల నుంచి నాలుగు నెలలు బరువు ముల్లు 71.5 దగ్గర ఆగిపోయింది. అప్పుడే ట్రైనరు ఒక డబ్బా, కొన్ని మాత్రలు చూపించి "కొవ్వు కరిగిస్తాయి మేడం" అన్నాడు. మాత్రలు నాలుగు రోజులు వేసుకుంటే గుండె దడ, నిద్ర లేదు. ఆపేశాను. గెంతే వ్యాయామాలకి మోకాలు వాచింది. నా బరువుకి, నా వయసుకి అవి చేయించాల్సినవి కావు. ఆ జిమ్ మానేసి, బరువులు పద్ధతిగా నేర్పే ఇంకో చోటికి మారాను. నెలకి 1,000. అక్కడ గోడ మీద ఫొటోలేమీ లేవు.

బరువులెత్తితే మగాడిలా తయారవుతావని పక్క షాపు వదిన భయపెట్టింది. కరణం మల్లీశ్వరిది మా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. 1994లో, 1995లో ఆమె వెయిట్‌లిఫ్టింగ్‌లో 54 కేజీల (ఒంటి బరువు) విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చింది. పదిహేను కేజీలు పెద్ద విభాగానికి వెళ్లింది. ఆమె బలం చూడాలా, ముల్లు చూడాలా? అంతంత సాధన మనకెక్కడిది గానీ, వారానికి మూడు రోజులు బరువులెత్తితే ఆడవాళ్లకి కండలు గుట్టల్లా పెరిగిపోవు. నాకైతే చేతి లూజు (చేతి చుట్టుకొలత) 14 అంగుళాల నుంచి 12.75కి తగ్గింది.

కొలతల పుస్తకంలో నా పేజీ ఇది, అంగుళాల్లో: ఛాతీ 40, ఇప్పుడు 37.5. నడుము 38.5, ఇప్పుడు 34.5. సీటు (పిరుదుల చుట్టూ) 43, ఇప్పుడు 40. షోల్డరు 14.5, ఇప్పుడూ 14.5. ఎముక తగ్గదు కదా. సినిమా హీరోయిన్ ఫొటో తెచ్చి ఇలా కనిపించాలనేవాళ్లకి నేను ముందు షోల్డరు కొలిచి చూపిస్తాను.

మారనివి ఇంకొన్ని ఉన్నాయి. నాకు రెండు సిజేరియన్లు. కుట్టు పైన వేలాడే మడత చిన్నదైంది గానీ పోలేదు. రోజూ పొట్టకి చేసే క్రంచులు వంద తీశాను, దానికి చలనం లేదు. ఒళ్లు కొవ్వు ఎక్కడ తీయాలో అదే నిర్ణయించుకుంటుంది, మనం చూపించిన చోట తీయదు. నాకు ముందు ముఖం పీక్కుపోయింది, పొట్ట ఆఖరున కదిలింది. చేతుల కింద చర్మం వదులైంది. దానికి జాకెట్టుకి మోచేతి దాకా చేతులు కుట్టుకుంటున్నాను, అదీ నా పరిష్కారం.

అనుకోనివి కొన్ని దొరికాయి. గ్యాస్ బండ మెట్ల దాకా నేనే మోస్తున్నాను, మునుపు పిల్లాడి కోసం కేకేసేదాన్ని. 25 కేజీల బియ్యం బస్తా కూడా అంతే. పండగ సీజన్లో పది గంటలు కుట్టినా నడుం పట్టేయడం లేదు. మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష (HbA1c) 6.2 నుంచి 5.6కి వచ్చింది. పోస్టరులో వీటి గురించి ముక్క లేదు.

ఒకసారి 67.5 దాకా దిగాను. దాన్ని పట్టుకుని ఉండలేకపోయాను. ఆకలి, చిరాకు, జుట్టు ఊడటం. మామిడిపళ్ల కాలం, చెల్లెలింట్లో గృహప్రవేశం కలిసొచ్చి 71కి పోయాను. ఇప్పుడు 70 దగ్గర పెద్ద యాతన లేకుండా ఉన్నాను. నాకు ఇదే సరిపోయే బరువేమో.

ఆమధ్య ఒక పెళ్లికూతురు వచ్చింది. పెళ్లికి యాభై రోజులుంది. "అక్కా, ఎనిమిది కేజీలు తగ్గిపోతాను, రెండంగుళాలు తగ్గించి కుట్టేయండి" అంది. "తగ్గుదువు గానీలే అమ్మా" అని ఆది జాకెట్టు కొలతకే కత్తిరించి, లోపల గుడ్డ అంగుళంన్నర మడిచి, పై కుట్టు మాత్రం ఆమె చెప్పినట్టు వేశాను. పాపం, పిల్ల బాగానే కష్టపడింది. రెండు కేజీల ఎనిమిది వందలు తగ్గింది. పెళ్లికి రెండు రోజుల ముందు ట్రయల్‌కి వచ్చి హుక్కులు పట్టక ఏడుపు మొహం పెట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, టీ చల్లారేలోగా కుట్టు విప్పి ఇచ్చాను.

జిమ్ ఫీజు వచ్చే నెల నుంచి 1,200 చేస్తారట. సంక్రాంతి కుట్టుపనులు మొదలైతే పొద్దుటి బ్యాచ్ కుదరదు, సాయంత్రం ఆడవాళ్ల బ్యాచ్‌లో ఖాళీ ఉందో లేదో అడగాలి.