చేమదుంపల వేపుడు: ఇనుప మూకుడా, ఓవెనా?

ఏ పద్ధతిలోనైనా చేమదుంపలను మరీ మెత్తబడకుండా ఉడికించి, పూర్తిగా చల్లారాకే తొక్క తీసి చక్రాలుగా కోయాలి. వేడి మీద కోస్తే జిగురంతా చాకుకే అంటుకుంటుంది. ఇనుప మూకుడుకు నూనె ఎక్కువ కావాలి, సన్నని సెగపై అట్లకాడతో తిరగేస్తూ నిలబడే ఓపికా ఉండాలి. అయితే అడుగున ఎర్రబడిన పొరకు వెల్లుల్లి కారం పట్టినప్పుడు వచ్చే రుచి ఓవెన్‌లో రాదు. పప్పుచారులోకి నంజుకోవడానికి నాకు అదే ఇష్టం. పదిమందికి వండేటప్పుడు మాత్రం ఓవెనే మేలు: రెండు మూడు చెంచాల నూనె పట్టించి, ముక్కలను ఎడంగా పరిస్తే, 200 డిగ్రీల వేడిలో సుమారు అరగంటకు అంచులు కరకరలాడతాయి, ఇరుకుగా పేరిస్తే ఆవిరికి మెత్తబడిపోతాయి. కారం మొదటే చల్లితే మాడి చేదెక్కుతుంది కనుక, రెండింటిలోనూ దానిని దింపబోయే ముందే చల్లాలి.