గోర్డన్ స్క్వేర్‌లో నూర్: కంచు విగ్రహం, నీలి ఫలకం, ఎక్కడా కనిపించని రేడియో

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ గూఢచారిగా పనిచేసిన నూర్ ఇనాయత్ ఖాన్ పేరు మీద లండన్‌లోని బ్లూమ్స్‌బరీలో చూడదగ్గవి రెండున్నాయి. ఒకటి గోర్డన్ స్క్వేర్ తోటలో ఛాతీ వరకు ఉండే కంచు విగ్రహం. రెండోది అక్కడికి రెండు మూడు నిమిషాల నడకలో, టావిటన్ వీధి 4వ నంబరు ఇంటి గోడ మీదున్న నీలి ఫలకం, అంటే పేరున్నవాళ్లు ఉన్న ఇళ్లకు గుర్తుగా పెట్టేది. విగ్రహాన్ని నూర్ ఇనాయత్ ఖాన్ మెమోరియల్ ట్రస్టు పట్టుబట్టి చందాలు పోగుచేసి పెట్టించింది. 2012 నవంబరు 8న ప్రిన్సెస్ ఆన్ ఆవిష్కరించారు. ఫలకం ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థది, 2020 ఆగస్టు 28న వెలిసింది. టికెట్ లేదు, క్యూ లేదు, తీరిగ్గా చూసినా గంట పట్టదు. పనితనంలో రెంటికీ వంక పెట్టలేం. చెప్పిన విషయంలో మాత్రం రెంటికీ ఒకే మార్కులు పడవు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. తండ్రి బరోడాకు చెందిన సూఫీ గురువు, సంగీతకారుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్. ఆయన వంశం టిప్పు సుల్తాన్ దాకా వెళ్తుంది. తల్లి అమెరికన్. పెరిగింది పారిస్ పక్కన సురెన్‌లో. పిల్లల కోసం జాతక కథలు ఇంగ్లీషులో తిరగరాసింది. 1940లో ఫ్రాన్స్ కూలిపోగానే కుటుంబంతో ఇంగ్లండు చేరి వాయుసేన మహిళా విభాగంలో వైర్‌లెస్ నేర్చుకుంది. 1943 జూన్ 16 రాత్రి ఎస్‌ఓఈ అనే బ్రిటన్ రహస్య సంస్థ ఆమెను రేడియో ఆపరేటరుగా లైసాండర్ విమానంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో దింపింది. మారుపేరు మడలీన్. అక్టోబరులో పారిస్‌లో దొరికిపోయింది, రెండుసార్లు తప్పించుకోబోయింది, జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైల్లో నెలల తరబడి సంకెళ్లలో ఉంది, 1944 సెప్టెంబరు 13న డాకౌ అనే నాజీ నిర్బంధ క్యాంపులో చంపారు. 1949లో బ్రిటన్ జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది.

వెళ్లడం తేలిక. హీత్రూ నుంచి నేరుగా వచ్చేవాళ్లకు పికడిల్లీ లైన్‌లో రస్సెల్ స్క్వేర్ స్టేషన్ అనువైనది. ఊళ్లో ఉన్నవాళ్లకు యూస్టన్ స్క్వేర్ దగ్గర. రెండింటి నుంచీ పది నిమిషాల లోపు నడకే. విగ్రహం తోటలో ఈశాన్య మూలన ఉంటుంది, టావిటన్ వీధి మొదలయ్యేదీ అటువైపే. కాబట్టి ముందు విగ్రహం, తర్వాత ఫలకం చూస్తే వెనక్కి తిరిగే పని ఉండదు. ఇక్కడో తిరకాసుంది. తోటకు గేట్లున్నాయి, రాత్రి మూసేస్తారు. శీతాకాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఆఫీసు పనో కాన్ఫరెన్సో ముగించుకుని ఆరింటికి వెళ్తే గేటు బయటి నుంచి చెట్లు చూసి రావాల్సిందే. ఫలకానికి ఈ బాధ లేదు. వీధిలోంచి కనిపించని చోట పెట్టకూడదన్నది దాని నిబంధనల్లోనే ఉంది.

విగ్రహం చెక్కింది కారెన్ న్యూమన్. థేమ్స్ ఒడ్డున ఆల్బర్ట్ ఎంబాంక్‌మెంట్ మీద, ఎస్‌ఓఈ స్మారకంపై ఉన్న మరో ఏజెంటు వయొలెట్ సాబో విగ్రహం కూడా ఆమె చేతిదే. రెండూ చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. అక్కడ వయొలెట్ రోడ్డు మీద, బస్సుల హోరులో ఉంటుంది. ఇక్కడ నూర్‌కు చెట్టునీడ, బెంచీ, చుట్టూ విద్యార్థులు. చోటు ఎంపికలో ట్రస్టుకు పూర్తి మార్కులు ఇవ్వాల్సిందే. ఆమె ఇక్కడికి దగ్గర్లోనే ఉండేది, ఈ తోటలో కూర్చునేది. ఖాళీ దొరికిందని ఏదో కూడలిలో పెట్టేసిన విగ్రహం కాదిది. తోట లండన్ విశ్వవిద్యాలయానిది కాబట్టి అనుమతి కూడా వాళ్ల దగ్గరే తేవాల్సి వచ్చింది. ఇదే తోటలో టాగూర్ విగ్రహం, పక్కనే టావిస్టాక్ స్క్వేర్‌లో 1968 నాటి గాంధీ విగ్రహం ఉన్నాయి. వచ్చినవాళ్లు మూడూ ఒకే దఫాలో చూసేయొచ్చు.

ఫొటో తీసేవాళ్లకు ఒక మాట. ముదురు కంచు, పైన ఆకుల నీడ. ఫోను కెమెరా వెనకున్న వెలుతురును పట్టుకుని ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ బిగించి, వెలుతురు కాస్త పెంచితే కళ్లు, దవడ గీత తేలతాయి. మబ్బు పట్టిన రోజు అన్నిటికన్నా మేలు.

దండ వేయాలనుకునే మనవాళ్లకు ఇంకో మాట. కంచు గట్టిదే కానీ పైనున్న రంగుపొర గట్టిది కాదు. రసాయనాలతో కావాలని తెప్పించే పొర అది, దానిమీద మైనం పూత ఉంటుంది. తడి పూలదండ రెండు మూడు రోజులు మెడలోనే ఉండిపోతే కింద నీరు నిలిచి ఆకుపచ్చ మచ్చ పడుతుంది. పుష్పగుచ్ఛాల వెనక ఇనప తీగ కొసలు తగిలితే గీతలు పడతాయి. కాబట్టి పూలు దిమ్మె కింద పెట్టాలి, విగ్రహానికి ఆనించకూడదు. పక్షి రెట్టలు పడ్డాయి కదా అని ఇత్తడి పాలిష్‌తో రుద్దారో, పొర మొత్తం ఊడి పసుపుపచ్చ లోహం బయటపడుతుంది. ఇలాంటివాటికి సరైన పద్ధతి: ఏడాదికోసారి గాఢత లేని సబ్బునీటితో, మెత్తటి బ్రష్షుతో కడగడం, పూర్తిగా ఆరనివ్వడం, మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పట్టించి బట్టతో తుడవడం. విగ్రహం పెట్టాలనుకునే ఏ సంఘమైనా ఈ ఖర్చును ఆవిష్కరణ రోజునే లెక్కలో వేసుకోవాలి. ఆవిష్కరణకు చందాలిచ్చే చేతులు కడగడానికి ఇవ్వవు.

దిమ్మె మీది రాతల దగ్గరే పేచీ. ఆమె చివరి మాట "లిబెర్తే", అంటే స్వేచ్ఛ, అని అక్కడ చెక్కారు. వినగానే గుండె పట్టేసే మాటే. కానీ డాకౌలో ఆమె చివరి ఘడియల గురించి యుద్ధం తర్వాత బయటికొచ్చిన కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు. యుద్ధం ముగిశాక గెస్టపో (నాజీల రహస్య పోలీసు) ఉద్యోగి ఒకడు ఇచ్చిన వాంగ్మూలంలో నలుగురు స్త్రీలు చేతులు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నారని, వెనక నుంచి కాల్చారని ఉంది. నూర్‌ను విడిగా, క్రూరంగా కొట్టి చంపారనే కథనం చాలా ఏళ్ల తర్వాత వచ్చింది, ఈ చివరి మాట దాంతోపాటు వచ్చిందే. పుస్తకంలో అయితే రెంటినీ పక్కపక్కన పెట్టి పాఠకుడికి వదిలేయొచ్చు. రాయి మీద ఆ వెసులుబాటు లేదు, చెక్కింది సత్యమై కూర్చుంటుంది. "చెబుతారు" అనే ఒక్క మాట చేర్చి ఉంటే పేచీ తీరిపోయేది.

ఇక నీలి ఫలకం. దీన్ని వస్తువుగా కన్నా సేవగా చూడాలి, ఎందుకంటే ఎవరైనా, ఎవరి పేరైనా ప్రతిపాదించవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. 1866లో మొదలైన పథకం, 1986 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్ చేతిలో ఉంది. నిబంధనలు మాత్రం రాతిలాంటివి. మనిషి చనిపోయి కనీసం 20 ఏళ్లు దాటాలి. ఆ మనిషి ఉన్న లేదా పనిచేసిన భవనం లండన్‌లో నేటికీ నిలిచి ఉండాలి. కూల్చి కట్టిన భవనమైతే అదే స్థలమైనా కుదరదు. ఒకరికి ఒకే ఫలకం. ఇంటి యజమాని ఒప్పుకోవాలి, అది రక్షిత కట్టడమైతే ఆ అనుమతి వేరే. ప్రతిపాదన నెగ్గినా గోడెక్కడానికి ఏళ్లు పడుతుంది. తిరస్కరిస్తే మళ్లీ పదేళ్ల దాకా అదే పేరు పంపకూడదు. సంఘాలు బోల్తా పడేది ఈ చివరి నిబంధన దగ్గరే. ఉత్సాహం కొద్దీ చిరునామా రుజువులు లేకుండా పంపేస్తారు, పదేళ్లు పోతాయి. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు, ఉత్తరాల మీది చిరునామాలు ముందు చేతిలో పెట్టుకోవాలి. గూఢచారి విషయంలో ఇది రెట్టింపు కష్టం. మారుపేరు, దొంగ చిరునామా వాళ్ల వృత్తి. నూర్ సిబ్బంది ఫైలు 2003లో నేషనల్ ఆర్కైవ్స్‌లో బయటపెట్టడం వల్లే చాలా ముడులు విడిపోయాయి.

ఫలకం వ్యాసం 495 మిల్లీమీటర్లు, మందం 50 మిల్లీమీటర్ల దాకా. బంకమట్టితో చేసి కాల్చిన పింగాణీ. తెల్లటి అక్షరాల అంచులు చేత్తోనే, కేకు మీద క్రీము పిండినట్టు, పల్చటి మట్టిద్రవంతో గీస్తారు. ఆ గట్ల మధ్య తెలుపు, బయట నీలం నింపి కాలుస్తారు. ముఖం కొంచెం ఉబ్బుగా ఉంటుంది, వానకు దానంతటదే కడుక్కుపోతుంది. మేకులతో వేలాడదీయరు, గోడలో ఇటుకలు తొలిచి లోపలికి కూర్చుతారు. అందుకే విగ్రహానికి పైన చెప్పిన తిప్పలేవీ దీనికి లేవు. ఫొటోకు మాత్రం గ్లేజు మీద ఆకాశం మెరుస్తుంది. ఎదురుగా కాక కాస్త పక్కకు జరిగి జూమ్ చేయాలి.

దీనిమీద రాసింది చాలా తక్కువ: పేరు, జార్జ్ క్రాస్, 1914–1944, ఎస్‌ఓఈ ఏజెంటు, మారుపేరు మడలీన్, ఇక్కడ బస చేశారు. నివసించారు అనలేదు, బస చేశారు అన్నారు. ఫ్రాన్స్ వెళ్లేముందు శిక్షణల మధ్య వచ్చిపోయిన ఇల్లు అది, ఆ మాట అంతవరకే ఒప్పుకుంటుంది. రాకుమార్తె అనలేదు, చివరి మాటల జోలికి పోలేదు. చూసినప్పుడు కాస్త పొడిగా అనిపిస్తుంది. కానీ మార్కులు వేయాల్సి వస్తే నమ్మకం విషయంలో ఫలకానికి ఎక్కువ, మనసును పట్టుకోవడంలో విగ్రహానికి ఎక్కువ.

రెండూ కలిసి వదిలేసింది రేడియో. ఆమె చేసిన పని అదే, ఆమె ప్రాణం తీసిందీ అదే. సూట్‌కేసులో పట్టే ఆ సెట్టు దాదాపు 15 కిలోలు. ఇరవై మీటర్ల ఏరియల్ తీగ ఎక్కడో చెట్టుకో పైకప్పుకో కట్టాలి. పౌనఃపున్యం మార్చాలంటే క్వార్ట్జ్ స్ఫటికం మార్చాలి. జర్మన్ల వ్యాన్లు వీధుల్లో తిరుగుతూ సంకేతం ఎటు నుంచి వస్తోందో కొలుస్తుంటాయి, ఒకేచోట ఎక్కువసేపు పంపితే ఇల్లు దొరికిపోతుంది. ఆమె దిగిన వారానికే, ఆమె పనిచేయాల్సిన ప్రాస్పర్ అనే రహస్య దళం నాయకుడు పట్టుబడి దళం కూలిపోయింది. వెనక్కి వచ్చేయమన్నా రాలేదు. మూడున్నర నెలలకు పైగా ఆ పెట్టె మోస్తూ చోట్లు మారుస్తూ పనిచేసింది.

పొరపాటు కూడా అక్కడే ఉంది, స్మారకాలు తలచుకోనిది. పంపిన సందేశాలన్నీ ఆమె నోట్‌బుక్‌లో రాసి దాచింది. ఆదేశాల్లో ఉన్న "ఫైలింగ్" అనే మాటకు పంపడం అని అర్థం, ఆమె దాచడం అనుకుంది అని చరిత్రకారుల వివరణ. అరెస్టుతో ఆ నోట్‌బుక్ జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు ఆమె పేరుతో, ఆమె సెట్టులో లండన్‌కు సందేశాలు పంపారు, లండన్ నమ్మింది. 1944 ఫిబ్రవరి చివర్లో ఆ సందేశాల మీద భరోసాతో పారాచూట్‌లో దిగినవాళ్లలో మడలీన్ డమెర్మాన్ అనే మరో ఏజెంటు ఉంది (ఇది ఆమె అసలు పేరే). నేల మీద ఎదురుచూస్తున్నది గెస్టపో. డాకౌలో నూర్‌తోపాటు అదే రోజు చనిపోయిన ముగ్గురిలో ఆమె ఒకరు. తప్పు నూర్‌ది ఎంతో, హెచ్చరికలొచ్చినా పట్టించుకోని లండన్ ఆఫీసుది అంతకు మించి. దాన్ని చెబితే ఆమె చిన్నదైపోదు. దిమ్మె పక్కన చిన్న పలకకు చోటుంది, ట్రస్టు తలచుకుంటే పెట్టొచ్చు. అప్పటిదాకా ఆ చరిత్ర చదువుకుని వెళ్లడమే దారి.

ఒక పూట మిగిలితే ఎగమ్ స్టేషన్ దాకా రైల్లో వెళ్లి, కూపర్స్ హిల్ మీదున్న రనీమీడ్ వాయుసేన స్మారకం చూడొచ్చు. సమాధి దొరకని 20 వేల పైచిలుకు పేర్లున్న చోటు, ప్రవేశం ఉచితం. స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టాక్సీ మాట్లాడుకోవాలి. ఇక్కడ చాలామంది ఖాన్ కోసం వెతికి దొరక్క వెనుదిరుగుతారు. సైన్యం లెక్కల్లో ఆమె నోరా, ఇంటిపేరు ఇనాయత్-ఖాన్. 243వ పలక దగ్గరికి వెళ్లి, ఇంగ్లీషు కే అక్షరం కింద కాకుండా ఐ అక్షరం కింద చూడాలి.