వర్క్‌షాపు డిజైన్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కొత్తగా కార్ల సర్వీసు వర్క్‌షాపు పెట్టబోయేవారికీ, ఉన్న షెడ్డును ఇప్పటి కార్లకు తగ్గట్టు మార్చుకోవాలనుకునేవారికీ ఈ హెచ్చరిక. డ్రాయింగు మొదలు గోడల రంగు దాకా అన్నీ మేమే చూసుకుంటాం, ఆధునిక టెక్నాలజీకి సిద్ధమైన వర్క్‌షాపు అప్పగిస్తాం అని చెప్పే డిజైన్ సంస్థలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక సంస్థకు మేము పూర్తి సొమ్ము చెల్లించాం. వాళ్లు అప్పగించిన షెడ్డు చూడడానికి చక్కగా ఉంది. కానీ ఏ పనుల కోసం దాన్ని కట్టించుకున్నామో ఆ పనులే అందులో సాగడం లేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నేల దగ్గర తగిలింది. ఇప్పుడు వస్తున్న చాలా కార్లలో ముందు అద్దం వెనుక ఒక కెమెరా, బంపర్ దగ్గర రాడార్ ఉంటున్నాయి. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే బ్రేకు తానే వేసేది, లేన్ తప్పితే హెచ్చరించేది వీటి ఆధారంగానే. యూరప్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ ఆటోమేటిక్ బ్రేకింగ్ తప్పనిసరి అయింది. ఈ కార్లలో ముందు అద్దం మార్చినా, బంపర్ విప్పి బిగించినా, కొన్నిటిలో వీల్ అలైన్‌మెంట్ చేసినా క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. అంటే కారు ముందు నిర్ణీత దూరంలో, నిర్ణీత ఎత్తులో టార్గెట్ బోర్డు నిలబెట్టి కెమెరా చూపును సరిచేయాలి. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే వంద మీటర్ల దూరంలో ఆ తేడా దాదాపు 1.75 మీటర్లు అవుతుంది. పక్క లేన్‌లో పోయే వాహనాన్ని మన ముందున్నదిగా పొరబడడానికి అంత తేడా చాలు.

ఇంత నిక్కచ్చి పని జరగాల్సిన బేలో, అంటే కారు నిలిపి పనిచేసే చోట, వాళ్లు నేలను డ్రైనేజీ వైపు వాలుగా పోశారు. కార్లు కడిగే చోట వాలు ఉండాల్సిందే. అదే లెక్కను షెడ్డు మొత్తానికీ పెట్టేశారు. కారు ముందు చక్రాల మధ్య రసమట్టం పెడితే బుడగ గీత దాటి ఒక పక్కకు జరిగిపోయింది. లేజర్ గీత వేసి చూస్తే ఎడమ చక్రం దగ్గర ఒక ఎత్తు, కుడి చక్రం దగ్గర ఇంకో ఎత్తు. బోర్డు స్టాండు నిలబడేదీ ఆ నేల మీదే కాబట్టి కారు ఒక కోణంలో, బోర్డు మరో కోణంలో ఉంటాయి. మెషీన్ పని కాలేదని చెప్పి ఆగిపోతే నయమే. పూర్తయిందని చూపిస్తేనే భయం. ఆ కారు తీసుకుని ఒక కుటుంబం రోడ్డెక్కుతుంది.

దానికి తోడు ఎపాక్సీ అనే నున్నటి పూత వేసిన, అద్దంలా మెరిసే నేల, పైన వరుసగా లైటు పట్టీలు. టార్గెట్ బోర్డుకు సరిగ్గా వెనుక కస్టమర్లు కూర్చునే గదికి గాజు గోడ. బోర్డు మీది నలుపు తెలుపు గళ్లను వెతికే కెమెరాకు నేల మీద, గాజు మీద ఆ ప్రతిబింబాలన్నీ కనిపిస్తాయి. పక్కనే వరుసగా పెట్టించిన ఇనుప బీరువాలు రాడార్‌కు అడ్డు. ఇప్పుడు మేము గాజుకు నల్లటి తెర కట్టి, బీరువాలు జరిపి నెట్టుకొస్తున్నాం. నేల మాత్రం తవ్వి మళ్లీ పోయాల్సిందే. సంస్థను అడిగితే, ఒప్పందంలో క్యాలిబ్రేషన్ బే అని మాత్రమే ఉంది, నేల ఎంత సమంగా ఉండాలో రాసి లేదు కదా అన్నారు. వర్క్‌షాపులు డిజైన్ చేయడమే వృత్తిగా ఉన్నవారు అనాల్సిన మాట కాదది.

ఎలక్ట్రిక్ కార్ల బే విషయంలో జరిగింది ఇంకా ఘోరం. నేల మీద పసుపు గీతలు గీసి, గోడకు మెరుపు గుర్తు బోర్డు తగిలించి అదే ప్రత్యేక బే అన్నారు. డీసీ కరెంటు 60 వోల్టులు దాటితేనే ప్రమాదకరంగా లెక్కిస్తారు. ఈ కార్లలో ఉండేది 400 వోల్టులు, కొన్నిటిలో 800. ఆ చోటికి ఇతరులు రాకుండా కంచె కావాలి. తగిన వోల్టేజీకి పరీక్షించిన ఇన్సులేటెడ్ చేతి తొడుగులు, కరెంటు తగిలిన మనిషిని దూరంగా లాగే కొక్కెం చేతికందే చోట ఉండాలి, లాగడానికి చుట్టూ ఖాళీ ఉండాలి. కారును పైకెత్తడానికి వాళ్లు ఇచ్చిన కత్తెర లిఫ్టు సరిగ్గా బ్యాటరీ కిందికి వస్తోంది. వందల కిలోల బరువుండే బ్యాటరీ ప్యాక్‌ను కిందికి దించడానికి దారే లేదు.

ప్రమాదంలో దెబ్బతిన్న ఎలక్ట్రిక్ కారు నిలిపే చోటును డ్రాయింగులో ఎక్కడ చూపించారో తెలుసా? షెడ్డు లోపలి మూలన, పెయింట్ల గది పక్కన. దెబ్బతిన్న లిథియం అయాన్ బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మంటలు లేపగలదు. ఆర్పిన మంట మళ్లీ రాజుకోగలదు. అందుకే అలాంటి కారును ఆరుబయట, కట్టడాలకూ ఇతర వాహనాలకూ 15 మీటర్ల దూరంలో ఉంచమంటారు. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఆ మూలలో చిక్కుకుంటే బయటికి వచ్చే దారి కూడా లేదు. ఈ ఒక్క తప్పును మాత్రం నేను క్షమించలేను.

నెట్ కనెక్షన్ గురించి కూడా ఒక మాట. అన్ని బేలకూ వైఫై చాలన్నారు. రేకుల కప్పు, ఇనుప స్తంభాల మధ్య సిగ్నల్ తెగుతూనే ఉంటుంది. కారులోని చిన్న కంప్యూటర్ అయిన ఈసీయూలోకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుండగా నెట్ తెగినా, కారు 12 వోల్టుల బ్యాటరీ పడిపోయినా ఆ ఈసీయూ పనికిరాకుండా పోవచ్చు. ప్రతి బేకూ కేబుల్ ద్వారా నెట్, బ్యాటరీకి నిలకడగా కరెంటు ఇచ్చే సపోర్ట్ యూనిట్‌కు ప్లగ్ పాయింటు నేల పోయక ముందే అడగండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ప్రతి బేలో నాలుగు తలుపులూ తెరిచిన కారును, దాని ముందు టార్గెట్ బోర్డును గీసి చూపించమనండి. ఖాళీ దీర్ఘచతురస్రాలు గీసి ఇన్ని బేలు వస్తాయంటే ఒప్పుకోకండి. క్యాలిబ్రేషన్ పరికరం, లిఫ్టులు ఏవో ముందే ఎంచుకుని, ఎంత స్థలం కావాలో, కాంక్రీటు ఎంత మందం ఉండాలో వాటి తయారీదారుల కాగితాల్లోంచే తీసుకోండి. నేల ఎత్తులో ఎన్ని మిల్లీమీటర్ల తేడా వరకు సరేనో ఒప్పందంలో అంకెతో రాయించండి. ఆఖరి వాయిదా మాత్రం మీ మెకానిక్ ఆ బేలోనే ఒక నిజమైన కారుకు క్యాలిబ్రేషన్ చేసి, రోడ్డు మీద నడిపి చూసి, సరిగ్గా ఉందని చెప్పాకే చెల్లించండి.