సిగరెట్టా, వేపా, గమ్మా? మా బావ దమ్ము పంచాయితీ

పోయిన అమాస నాడు చెర్వుగట్టు గుడి మెట్లు ఎక్కుతున్నం, నేను, అక్క, బావ. సగం మెట్ల కాడికి వచ్చేసరికి బావ గోడ పట్టుకొని నిలబడ్డడు, ఎగపోస్తున్నడు, అక్కేమో కొబ్బరికాయల సంచి పట్టుకొని ఎప్పుడో ముందు పోయింది. కొంచెం తేరుకున్నడో లేదో జేబుల నుంచి పెన్ను లాంటి వేప్, అదే ఈ-సిగరెట్, తీసి ఒక్క గుంజు గుంజిండు, మామిడిపండు వాసన గుప్పుమన్నది. ఎనక ఎక్కుతున్న ముసలవ్వ "ఏం ఊదుబత్తి బిడ్డా గది, మంచిగ వాసనొస్తుంది" అన్నది. నాకు నవ్వాగలే గని బావ మొఖం చూసి ఆపుకున్న. "సిగరెట్ బంద్ చేసి ఏడాదిన్నర అయింది కదరా, దమ్ము కొట్టుడు మానినా ఈ దమ్ము ఎందుకు పోతలేదు" అన్నడు.

ఆ ఒక్క మాట మీదనే ఇదంతా రాస్తున్న. బావ మిర్యాలగూడల రైస్ మిల్లుల గుమాస్తా, వయసు 51, రోజుకు పది చొప్పున 24 ఏండ్లు కాల్చిండు, తర్వాత వేప్ పట్టిండు. నేను నల్లగొండల 14 ఏండ్లు కాల్చి నికోటిన్ గమ్ తోని మానిన, నాలుగేండ్లు అయితుంది. దేవరకొండ కాడ మా మేనమామ ఒకాయన ఉన్నడు, బీడీ వదలడు, "మాది తునికాకు, ఆకే గదా, మందుల్లేవు కల్తీ లేదు" అంటడు. ఆ ముచ్చట ముందే తేల్చేస్త. బీడీ గుంజకుంటే ఆరిపోతది, అందుకే గట్టిగ, మాటిమాటికి గుంజాలె, తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇంకా లోపలికి పోతయి. సిగరెట్ కన్న బీడీ మేలు అనేటోళ్ళకు నా దగ్గర వేరే మాట లేదు.

ఇగ సిగరెట్టా వేపా అంటే, ఇక్కడ నిజం నిజమే చెప్పాలె, వేపే తక్కువ చెడ్డది. సిగరెట్ అంటే కాలుడు. ఆ పొగల 7,000 కు పైగా రసాయనాలు ఉంటయి, వాటిల కనీసం 70 క్యాన్సర్ తెచ్చేటియి. వేప్ ల కాలేది ఏం లేదు, చిన్న కాయిల్ వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేస్తది, అందుల ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం ఫ్లేవర్. తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదన్నట్టే. బ్రిటన్ల ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015ల సిగరెట్ కన్న దాదాపు 95 శాతం తక్కువ హాని అన్నది. ఆ నంబర్ మీద డాక్టర్ల మధ్య శానా లొల్లి నడిచింది గని తక్కువ హాని అన్న కాడ మాత్రం పెద్దగ పేచీ లేదు.

బావ ఈ ఒక్క ముక్క పట్టుకొని కూసున్నడు. నేననేది ఏందంటే, బావా నువ్వు సిగరెట్ తోని పోల్చుకుంటున్నవ్, నీ ఊపిరితిత్తులు మాత్రం పొద్దుగాల పొలం గట్టు మీద వచ్చే గాలితోని పోల్చుకుంటయి. సిగరెట్ కన్న ఏదైనా మేలే, అది గొప్ప కాదు. వేడెక్కిన ఆ ద్రవంల ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ లాంటి విష రసాయనాలు పుడుతయి, కాయిల్ నుంచి నికెల్, క్రోమియం, సీసం రవ్వంత రవ్వంత వస్తయి, గొంతు గీరుడు, దగ్గు, గల్ల వేపోళ్ళకు కూడ ఉంటనే ఉన్నయి. ఫ్లేవర్ తినే సరుకే గదా అంటడు బావ. తినుడు వేరు పీల్చుడు వేరు. అమెరికాల మిస్సోరీ రాష్ట్రంల పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కూలోళ్ళ ముచ్చట 2000ల బయటపడ్డది, వెన్న వాసన కోసం కలిపే డైఅసిటైల్ ఆవిరి పీల్చి పీల్చి చిన్న గాలిగొట్టాలు మచ్చలు కట్టి మూసుకపోయినయి, అదే వెన్న తిన్నోళ్ళకు ఏం కాలే. సిగరెట్ పొగల డైఅసిటైల్ ఇంకా ఎక్కువనే ఉంటది, అది కూడ చెప్పాలె, కాకపోతే యూరప్, బ్రిటన్ల వేప్ ద్రవంల దాన్ని నిషేధించిండ్రు.

అసలు పేచీ ఇక్కడుంది. నిషేధించిండ్రు అనేది అక్కడి సీసాకు. మన దగ్గర 2019ల ఈ-సిగరెట్ల చట్టమే వచ్చింది, తయారీ, అమ్ముడు, తెప్పించుడు, నిల్వ పెట్టుడు అన్నీ నేరమే, అమ్మినోనికి మొదటిసారి ఏడాది దాక జైలు లేకపోతే లక్ష దాక జుర్మానా, రెండూ కూడ పడొచ్చు. అంటే బావ చేతుల ఉన్నది ఎవరు చేసిండ్రు, అందుల ఏం పోసిండ్రు, చూసే ఆఫీసరు ఎవడూ లేడు. ఎక్కడ తెస్తున్నవ్ అంటే "హైదరాబాద్ల ఒకాయన" అంటడు, ఆ ఒకాయనకు పేరు లేదు, బిల్లు లేదు. డబ్బా తిప్పి చూసిన, 5 శాతం అని ఉన్నది, అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్. బ్రిటన్ల హద్దు 20. వాళ్ళ 20 మీద చేసిన రీసెర్చ్ పట్టుకొచ్చి మన 50 మీద ధీమా ఎట్ల పెట్టుకుంటం? అదీ ఆ 5 శాతం అన్న మాట నిజమైతేనే.

2019 నుంచి 2020 ఫిబ్రవరి దాక అమెరికాల వేప్ తోని ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రి పాలైండ్రు, లేదా చనిపోయిండ్రు, అందుల పోయినోళ్ళు 68 మంది. అది ఎక్కువగా గంజాయి నూనె కార్ట్రిడ్జ్‌ల వల్ల, చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ అసిటేట్ వల్ల అని తేలింది, మామూలు నికోటిన్ వేప్ ను దానికి ముడేసి భయపెట్టుడు సరికాదు. అయితే ఆ సరుకు ఎక్కువ మందికి ఎక్కడ దొరికింది? దోస్తుల దగ్గర, వీధిల అమ్మేటోళ్ళ దగ్గర. హైదరాబాద్ల ఒకాయన లాంటోళ్ళ దగ్గరనే.

ఇంకో ముచ్చట ఆలస్యంగ బయటపడ్డది. సిగరెట్ బంద్ అన్నడు గదా, పెండ్లిళ్ళల్ల, దావత్‌లల్ల రెండో మూడో నడుస్తున్నయట, అక్కకు తెల్వదు. ఇదే అన్నిటికన్న పాడు లెక్క. రోజుకు ఒక్కటే అయినా, 20 కాల్చేటోనికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతదో దాంట్ల సగం దాక పెరుగుతదని 2018ల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల పాత రీసెర్చ్‌లన్నీ కలిపి చూసి రాసిండ్రు. సిగరెట్ తగ్గించినంత మాత్రాన ముప్పు అదే లెక్కన తగ్గదు.

మరి గమ్ సంగతి. నా గొప్ప నేను చెప్పుకోను, మొదటి వారం నేను చేసింది అంతా తప్పే, మామూలు చూయింగ్ గమ్ లెక్క కసకస నమిలిన, ఎక్కిళ్ళు, గుండెమంట, ఆఫీసుల అందరూ చూసుడు. దాన్ని మెల్లగ నాలుగు నములులు నమిలి, నాలుక మీద మిరియం తగిలినట్టు చుర్రుమనంగనే దవడకు చిగురుకు మధ్యల పెట్టి వదిలెయ్యాలె, చురుకు పోయినంక మళ్ళ నమలాలె, అరగంట నడుస్తది. నికోటిన్ నోటి చర్మం నుంచి పోతది, మింగితే కడుపుకు పోయి మంట తప్ప ఏం మిగలదు. 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపుల చీటీ లేకుండ ఇస్తరు, నిద్ర లేచిన అరగంటల మొదటి సిగరెట్ కావాలె అనేటోనికి 4 ది పట్టొచ్చు, దానికి డాక్టర్ చీటీ కావాలె. నికోటిన్ ప్యాచ్ ఒకటి చర్మానికి అతికించుకొని మీది నుంచి గమ్ వాడితే ఒక్కదాని కన్న బాగ పనిచేస్తది. మామూలుగ మూడు నెలలు.

మానిపించుడుల మాత్రం వేపే గెలిచింది, దాచుడెందుకు. 2019ల బ్రిటన్ల పెద్ద ట్రయల్ అయింది, ఏడాది తర్వాత చూస్తే వేప్ ఇచ్చినోళ్ళల్ల నూటికి 18 మంది, గమ్ ప్యాచ్ లాంటియి ఇచ్చినోళ్ళల్ల నూటికి సుమారు 10 మంది సిగరెట్ మానిండ్రు. కాకపోతే మానినోళ్ళల్ల చూస్తే, వేపోళ్ళు నూటికి 80 మంది ఏడాది అయినా ఇంకా వేప్ పీలుస్తనే ఉన్నరు, గమ్ ప్యాచోళ్ళు 9 మందే దాని మీద ఉన్నరు. సిగరెట్ నుంచి దించుతది గని తన మీది నుంచి దిగనియ్యది. మా బావ ఆ 80 ల ఒకడు.

చెర్వుగట్టు నుంచి వచ్చినంక పట్టుబట్టి ఛాతీ డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఎక్స్‌రే మంచిగనే వచ్చింది, బావ ఆడనే లేచి పోదామన్నడు. డాక్టర్ కూసోమని స్పైరోమెట్రీ రాసిండు. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోట్ల పెట్టి, లోపలి నిండ పీల్చి ఒక్కసారే బయటికి ఊదాలె, పక్కన సిస్టరమ్మ "ఊదు ఊదు ఊదు ఇంకా ఇంకా" అని అరుస్తది, బావ మొఖం ఎర్రగైంది, కండ్లల్ల నీళ్ళు. మందు పీల్పించి కాసేపు ఆగి మళ్ళ ఊదించిండ్రు. మొదటి సెకండ్ల బయటికొచ్చే గాలి, మొత్తం ఊదిన గాలిల 70 శాతమన్న ఉండాలె, బావకు 64 వచ్చింది. సీఓపీడీ అంటే గాలిగొట్టాలు ఇరుకై ఊపిరి సరిగ ఆడని జబ్బు, అది మొదలైందట. ఎక్స్‌రేల ఇది ముందుగాల కనపడదు, అందుకే ఎక్స్‌రే బాగుంది అని ఇంటికి పోవుడు తప్పు.

ఆయాసానికి జవాబు ఆ 64ల ఉన్నది. 24 ఏండ్లల్ల పోయిన గాలి వేప్ పట్టినా రాదు, గమ్ పట్టినా రాదు. పొగ ఆపితే ఇంకా పోవుడు మాత్రం మెల్లగైతది, సిగరెట్ ముట్టనోనికి వయసుతోని తగ్గినట్టే తగ్గుతది. దానికి తోడు మిల్లుల తవుడు దుమ్ము, మాస్క్ పెట్టుమంటే ఉక్కపోస్తది అంటడు.

ఒకటి చెప్పాలె, మానిన కొత్తల దగ్గు, గల్ల పెరిగితే భయపడి మళ్ళ ముట్టియ్యొద్దు, గాలిగొట్టాలల్ల పొగకు పండుకున్న సన్న వెంట్రుకలు లేచి ఊడ్చుడు మొదలు పెట్టినయన్నట్టు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే మాత్రం సర్కార్ దవాఖానల తెమడ పరీక్ష చేపించుకోవాలె, పొగోళ్ళకు టీబీ ముప్పు ఎక్కువ, ఆ పరీక్ష ఫ్రీ. గల్లల నెత్తురు పడితే వారం కూడ ఆగొద్దు.

నా వరస అడిగితే, ఏదీ లేకుండ మానుడు మొదటిది, అది చేతకాకపోతే ప్యాచ్, గమ్, తర్వాత డాక్టర్ రాసే గోళీలు. వేప్ ను మన దగ్గర నేను ఎవ్వనికీ చెప్పను, సీసాల ఏమున్నదో తెల్వదు గాబట్టి. కానీ ఇప్పటికే వేప్ మీద ఉన్నోడు దాన్ని ఇసిరికొట్టి మళ్ళ సిగరెట్ పట్టుకుంటే అది ఇంకా పాడు, అందుకే బావకు రేపే పారెయ్యి అనలే, ముందు దావత్ సిగరెట్లు బంద్ చెయ్యి, వేప్ జాగల గమ్ తెచ్చుకో అన్న. సిగరెట్ ప్యాకెట్ మీదనే ఉంటది మానేటోళ్ళకు సాయం చేసే క్విట్‌లైన్ నంబర్, 1800-11-2356, పైసలు పడవు, 24 ఏండ్లు ఆ ప్యాకెట్ పట్టుకున్నోడు ఒక్కసారి చదవలే.

మొన్న ఫోన్ చేసిండు. గమ్ నమిలే ముందల పావుగంట, నమిలేటప్పుడు చాయ్ తాగొద్దు అన్నవ్ గదరా, మా మిల్లుల గంటకోసారి చాయ్ వస్తది, ఎట్ల మరి అని. దానికి మాత్రం నేనింకా జవాబు ఎతుకుతున్న.